ఇంటర్వ్యూకి ముందురోజే కెమెరా చూసుకుందాం

(కువైట్‌లో జరిగిన వార్షిక సమావేశంలో మా సహాయ బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇంతకు ముందు మాట్లాడినవాళ్లు అకామాల గురించి, జీతాల బకాయిల గురించి, ఊళ్లో పిల్లల చదువుల గురించి పెద్ద విషయాలు చెప్పారు. మాకిచ్చింది చిన్న విషయం. ల్యాప్‌టాప్ తెర పైన నడిమధ్యలో మిరియపు గింజంత ఉంటుందే కెమెరా, అది పనిచేస్తోందా లేదా ఎలా చూసుకోవాలి అన్నది. ఇదీ ఒక విషయమేనా అని మీలో కొందరు నవ్వుకుంటున్నారు, ఇక్కణ్ణుంచి మాకు కనబడుతూనే ఉంది. మేమూ అలాగే నవ్వుకునేవాళ్లం, ఒక తమ్ముడి ఉద్యోగం చేజారిపోయేదాకా.

ఆ తమ్ముడిది రాజంపేట దగ్గర పల్లె. ఇక్కడ మహబూలాలో ఉండేవాడు. ఏసీ టెక్నీషియన్‌గా వచ్చి, కష్టపడి సూపర్‌వైజరు అయ్యాడు. ప్రాజెక్టు అయిపోయింది, కంపెనీ వాళ్లు ఇంక పని లేదన్నారు. అకామా నెలన్నర మిగిలుంది. ఆ సమయంలో దుబాయ్‌లోని ఒక కంపెనీ నుంచి పిలుపొచ్చింది. వీడియోలో ఇంటర్వ్యూ చేస్తామని టీమ్స్ లింకు పంపారు. వాళ్ల టైం 11 గంటలు, మనకు 10. ఫోనులో వద్దు, కంప్యూటర్‌లోనే రమ్మన్నారు. డ్రాయింగులు తెరమీద పెట్టి ప్రశ్నలు అడుగుతారట. దానికోసమే హవల్లీకి పోయి 45 దినార్లు పెట్టి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాడు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, 9:40కి ల్యాప్‌టాప్ తెరిచాడు. టీమ్స్ తెరుచుకుంది, మాట వినబడుతోంది, మనిషి మాత్రం కనబడలేదు. అంతా నలుపు. మాకు ఫోను చేశాడు. మేమేం చేశాం? ఆ మిషన్ కళ్లతో చూడకుండానే, ఫోనులోనే, డ్రైవర్ తీసెయ్, మళ్లీ ఎక్కించు, రీస్టార్ట్ చెయ్ అని చెప్పాం. రీస్టార్ట్ కొట్టగానే విండోస్ అప్‌డేట్ మొదలైంది. కంప్యూటర్ ఆపకండి అని నీలం తెర మీద ఒకటే గుండ్రంగా తిరుగుడు. 10:25కి గాని మిషన్ లేవలేదు. అవతలివాళ్లు పది నిమిషాలు చూసి వెళ్లిపోయారు. మళ్లీ ఎప్పుడైనా చూద్దామని ఒక మెయిల్ వచ్చింది. ఆ మళ్లీ రాలేదు.

ఆ శుక్రవారం ల్యాప్‌టాప్ పట్టుకుని మా దగ్గరికొచ్చాడు. మాలో ఒకరు తెర దుమ్ముగా ఉందని గుడ్డతో తుడుస్తుంటే, పైన కెమెరా దగ్గర వేలికి ఏదో కదిలినట్టు తగిలింది. చూస్తే చిన్న మూత. కెమెరాను కప్పడానికి కంపెనీ వాడే పెట్టిన జారుడు మూత అది. చుట్టూ ఉన్న ప్లాస్టిక్కూ నలుపే, మూతా నలుపే, పట్టి చూస్తే గాని తెలీదు. గోటితో పక్కకు జరిపితే అతని ముఖం వచ్చింది. అతను ఏమీ అనలేదు. ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకున్నాడు. అకామా అయిపోకముందే టికెట్టు తీసుకుని ఊరికి వెళ్లిపోయాడు.

తప్పు అతనిది కాదు, మాది. చూడకుండా వైద్యం చేశాం. అందుకని ఆ తర్వాత మేమొక వరస పెట్టుకున్నాం. ముందు కళ్లు, తర్వాత వేళ్లు, ఆ తర్వాతే సెట్టింగులు. ఆ వరసే మీకు చెప్పబోతున్నాం.

అన్నట్టు, ఈ వెబ్‌క్యామ్ పుట్టింది కూడా చిన్న అవసరానికే. 1991లో ఇంగ్లండ్‌లో, కేంబ్రిడ్జి యూనివర్సిటీ కంప్యూటర్ లాబొరేటరీలో కాఫీ పాత్ర ఒకచోట ఉండేది, తాగేవాళ్లు వేరే గదుల్లో, వేరే అంతస్తుల్లో ఉండేవాళ్లు. తీరా మెట్లెక్కి వస్తే పాత్ర ఖాళీ. అందుకని దానికెదురుగా కెమెరా పెట్టి, కాఫీ ఉందో లేదో తమ కంప్యూటర్ల మీదే చూసుకున్నారు. 2001లో దాన్ని ఆపేశారు. అంత చదువుకున్నవాళ్లు కాఫీ కోసం తిప్పలు పడి కనిపెట్టిన దాన్ని మనం అమ్మ ముఖం చూడ్డానికి వాడుకుంటున్నాం. మన వాడకమే మెరుగు.

సరే, విషయానికొద్దాం.

ల్యాప్‌టాప్ తెరిచి తెర పై అంచును వెలుతురులో పెట్టి చూడండి. గుండ్రంగా గాజు మెరవాలి. మెరవకుండా ఎర్రచుక్కో, తెల్లచుక్కో, ప్లాస్టిక్‌లాంటిదో కనబడితే మూత వేసుందన్నమాట. గోటితో అటూ ఇటూ జరిపి చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లకు మూత ఉండదు, పక్కన అంచులో చిన్న స్విచ్చి ఉంటుంది. మరికొన్నింటికి కీబోర్డు పైవరసలో ఒక కీ మీద కెమెరా బొమ్మ, దానికి అడ్డంగా గీత ఉంటుంది. టీ తుడుస్తూనో, పిల్లాడు ఆడుకుంటూనో ఆ కీ నొక్కేస్తే కెమెరా ఆగిపోతుంది. మళ్లీ ఒకసారి నొక్కాలి, కొన్నింట్లో ఎఫ్ఎన్ అనే కీ పట్టుకుని నొక్కాలి. ఇక్కడొక తిరకాసుంది. స్విచ్చితోనో కీతోనో ఆపితే, కొన్ని మోడళ్లలో కెమెరాకు కరెంటే తెగిపోతుంది. అప్పుడు కంప్యూటర్‌ని అడిగితే అసలు నాకు కెమెరాయే లేదంటుంది. ఆ మాట నమ్మి కెమెరా చచ్చిపోయిందని షాపుకి పరుగెత్తకండి.

ఇంకొక సంగతి. రైల్వే కోడూరు నుంచి ఒక అన్న ఉన్నాడు, ఇక్కడే ఈ హాల్లోనే ఉన్నాడు, పేరు చెప్పం. ఇంటికి వీడియో చేస్తే భార్యాపిల్లలు మంచులో కూర్చున్నట్టు కనబడేవాళ్లు. నెట్టు బాలేదని మూడు నెలలు నెట్టువాణ్ణి తిట్టాడు. తీరా చూస్తే, ఆ కెమెరా తనను ఎప్పుడూ చూస్తున్నట్టుందని వదిన దానిమీద బొట్టుబిళ్ల అంటించేది. మాట్లాడేటప్పుడు తీసేది, అయ్యాక మళ్లీ అంటించేది. బిళ్ల జిగురంతా గాజుమీద పేరుకుపోయింది. కొద్దిగా తడిచేసిన మెత్తటి గుడ్డతో తుడిస్తే మంచు విడిపోయింది. ఇందులో ఒక గుర్తు పట్టుకోండి. నెట్టు బాలేకపోతే బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది, ఆగి ఆగి వస్తుంది. గాజు మురికైతే బొమ్మ కదులుతూనే ఉంటుంది గాని తెల్లగా, మబ్బుగా ఉంటుంది. వదిన చేసింది తప్పని మేమనం. కెమెరాను కప్పుకోవాలనుకోవడం మంచి జాగ్రత్తే. జిగురు లేని కాగితం మడతపెట్టి తగిలించుకుంటే సరిపోతుంది. అయితే ఆపిల్ మ్యాక్‌బుక్ ఉన్నవాళ్లు మందపాటి మూతలు అంటించి ల్యాప్‌టాప్ మూయకండి, తెర పగలొచ్చని ఆ కంపెనీయే హెచ్చరించింది.

కళ్లపని అయింది. ఇప్పుడు మిషన్‌ని అడుగుదాం. టీమ్స్, జూమ్, వాట్సాప్ ఏవీ తెరవద్దు. కింద స్టార్ట్ నొక్కి కెమెరా అని టైపు చేస్తే విండోస్‌తో పాటు వచ్చే కెమెరా యాప్ కనబడుతుంది. అదే తెరవండి. మ్యాక్‌లో అయితే ఫోటో బూత్. దీనికి నెట్టు అక్కర్లేదు, లింకు అక్కర్లేదు, అవతల మనిషి అక్కర్లేదు. అందులో మీ ముఖం కనబడితే కెమెరా బతికే ఉంది. ఆ తర్వాత టీమ్స్‌లో కనబడకపోతే తప్పు టీమ్స్‌లోనో, అనుమతుల్లోనో ఉంటుంది గాని కెమెరాలో కాదు. ఈ ఒక్క పరీక్షతో సగం పని అయిపోయినట్టే. ఆ రోజు తమ్ముడికి మేము మొదట చెప్పాల్సింది ఇదే.

ముఖం కనబడలేదనుకోండి. అప్పుడు నలుపును బట్టి రోగం చెప్పొచ్చు. కెమెరా పక్కన చిన్న దీపం వెలుగుతోంది, యాప్ ఏమీ గొణగట్లేదు, బొమ్మ మాత్రం నలుపు అయితే, కెమెరా పనిచేస్తోంది, దానికి ఏదో అడ్డముంది. మళ్లీ మూత దగ్గరికి పోండి. దీపం లేదు, తెరమీద ఏదో రాసి ఒక నంబరు ఇచ్చిందంటే, ఆ నంబరు చివరి నాలుగంకెలు చూడండి. 4244 అంటే కెమెరా నాకు దొరకలేదని. 4243 అంటే కెమెరాను ఇంకో యాప్ పట్టుకుని కూర్చుందని. ఈ రెండోది మన దగ్గర చాలా మామూలు. రాత్రి ఇంటికి మాట్లాడి కిటికీ మూశామనుకుంటాం, ఆ యాప్ కింద మూల గడియారం పక్కన దాక్కుని ఉంటుంది. అక్కడికి పోయి దాన్ని పూర్తిగా ఆపాలి. ఎక్కడుందో తెలీకపోతే ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఇంటర్వ్యూకి ఇరవై నిమిషాల ముందు మాత్రం కాదు. ఆ పాఠం మేము నేర్చుకున్నాం.

యాప్ అనుమతి లేదంటే సెట్టింగ్స్‌కి పోవాలి. విండోస్ 11లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో కెమెరా. విండోస్ 10లో ప్రైవసీ, అందులో కెమెరా. అక్కడ పైన ఒక పెద్ద మీట ఉంటుంది, అది ఈ మిషన్‌లో కెమెరా వాడొచ్చా అన్నదానికి. కిందది యాప్‌లు వాడొచ్చా అని. దాని కింద ఒక్కో యాప్‌కీ ఒక్కో మీట. ఇంకా కిందకు జారితే డెస్క్‌టాప్ యాప్‌లకు వేరే మీట ఉంటుంది. జూమ్ లాంటివి, బ్రౌజర్లు దీనికింద వస్తాయి. చాలామంది పైవన్నీ వేసి ఈ చివరిది చూడరు. ఇంటి మెయిన్ స్విచ్చి వేసి గది స్విచ్చి మరిచినట్టు.

లింకు నొక్కితే బ్రౌజర్‌లో తెరుచుకునే ఇంటర్వ్యూలకు ఇంకో తలుపుంది. మొదటిసారి కెమెరా వాడుకోనా అని బ్రౌజర్ అడుగుతుంది. తొందర్లో వద్దని నొక్కేస్తే, ఇక అడగదు, ఇవ్వదు. పైన అడ్రసు రాసి ఉండే చోట ఎడమవైపు చిన్న బొమ్మ ఉంటుంది, తాళంలాగో, రెండు గీతల మీద చుక్కల్లాగో. దాన్ని నొక్కి కెమెరాకు, మైకుకు అనుమతివ్వండి. తర్వాత పేజీని మళ్లీ లోడు చేయాలి.

ఇన్ని చేసినా కెమెరా దొరకలేదంటేనే డివైస్ మేనేజర్. స్టార్ట్ మీద కుడివైపు బటన్ నొక్కితే ఆ పేరు కనబడుతుంది. అందులో కెమెరాస్ అని గాని, ఇమేజింగ్ డివైసెస్ అని గాని ఉంటుంది. పేరు పక్కన కిందికి చూసే బాణం ఉంటే ఎవరో ఆపేశారు, కుడి బటన్ నొక్కి ఎనేబుల్ అనండి. పసుపు గుర్తుంటే డ్రైవర్ గొడవ. అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేసి మిషన్ మళ్లీ మొదలెడితే తనే ఎక్కించుకుంటుంది. ఎక్కించుకోకపోతే ఆ ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సొంత సైటులో మోడల్ నంబరు కొట్టి డ్రైవర్ తెచ్చుకోండి. గూగుల్‌లో ముందు కనబడిన ఉచిత డ్రైవర్ బొమ్మల్లా నొక్కొద్దు. వాటితో పాటు ఏమేం దిగుతాయో మాకు తెలుసు, శుభ్రం చేసేది మేమే కాబట్టి.

డివైస్ మేనేజర్‌లో అసలు పేరే లేకపోతే, అప్పుడు లోపలి వైరుని అనుమానించాలి. కెమెరా ఉండేది తెర పైన, బోర్డు ఉండేది కీబోర్డు కింద. రెండిటికీ మధ్య సన్నటి వైరు, తెర మడిచే కీలు గుండా పోతుంది. తెరను వేల సార్లు తెరిచి మూస్తే ఆ వైరు నలుగుతుంది. తెరను ముందుకు వంచితే కెమెరా వచ్చి, వెనక్కి వంచితే పోతోందా? అయితే వైరే. తెర మార్పించాక కెమెరా ఆగిందా? అయితే షాపువాడు ఆ వైరు మళ్లీ తగిలించడం మరిచిపోయాడు, వాడి దగ్గరికే పోయి అడగండి, డబ్బులివ్వొద్దు. కొన్ని మోడళ్లలో మిషన్ మొదలయ్యేటప్పుడు వచ్చే బయోస్‌లో కూడా కెమెరా ఆపే వీలుంటుంది. పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో అది ఆపేసి ఉండొచ్చు. ఇంకా చెప్పాలంటే, రహస్యం పాటించే ఆఫీసుల కోసం కొన్ని అసలు కెమెరా లేకుండానే తయారవుతాయి. అందుకని సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు డబ్బు తీసి ఇవ్వకముందే, షాపులోనే, కెమెరా యాప్ తెరిచి మీ ముఖం చూసుకోండి. పక్కనే మాట రికార్డు చేసి మైకు కూడా వినండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనీ.

మీకు కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే సంగతి వేరు. మీటలు బూడిదరంగులో ఉండి కదలవు. అది కంపెనీ పెట్టిన తాళం, దాన్ని ఊడబీకే ప్రయత్నం చేయొద్దు. పైగా ఉన్న కంపెనీ ల్యాప్‌టాప్‌తో వేరే కంపెనీ ఇంటర్వ్యూకి కూర్చోవడం, మేము చెప్పక్కర్లేదు, తెలివైన పని కాదు.

లోపలి కెమెరా నిజంగానే పోతే దిగులొద్దు. యూఎస్‌బీకి తగిలించే బయటి కెమెరాలు కొద్ది దినార్లకే దొరుకుతాయి, చాలావరకు తగిలించగానే పనిచేస్తాయి. అయితే టీమ్స్‌లోనో జూమ్‌లోనో సెట్టింగులకు పోయి ఏ కెమెరా వాడాలో ఎంచుకోవాలి, లేకపోతే అది పాతదాన్నే పట్టుకుని వేలాడుతుంది. జూమ్‌కి జూమ్ డాట్ యుఎస్ స్లాష్ టెస్ట్ అని కొడితే ఉత్తుత్తి మీటింగు తెరుచుకుంటుంది, అక్కడ చూసుకోవచ్చు. స్కైప్‌లో చూసుకోండని పాత వీడియోల్లో చెబుతుంటారు, ఆ స్కైప్ 2025 మే నెలలో మూతబడింది.

కెమెరా పనిచేస్తే అయిపోలేదు. మన బెడ్‌స్పేస్ గదుల్లో రెండంతస్తుల మంచాలు, ట్యూబులైటు వీపు వెనక. వెలుతురు వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది, కెమెరా బాలేదనుకుంటాం. తిరిగి కూర్చోండి, వెలుతురు ముఖం మీద పడాలి. ల్యాప్‌టాప్ కింద రెండు అట్టపెట్టెలు పెడితే కెమెరా కళ్ల ఎత్తుకొస్తుంది, లేకపోతే అవతలివాళ్లకు మన ముక్కుపుటాలు కనబడతాయి. వెనక మంచానికి ఉతికిన దుప్పటి ఒకటి కట్టండి. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న రూమ్‌మేట్‌కి ముందురోజే చెప్పుకోండి, పాపం అతని నిద్రా ముఖ్యమే.

ఒక మాట జాగ్రత్తగా వినండి. మీ కెమెరా బాగుచేస్తాం, ఎనీడెస్క్ వేసుకుని నంబరు చెప్పండి అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. నంబరు చెప్పారంటే మీ మిషన్ వాడి చేతిలో ఉన్నట్టే, బ్యాంకు కూడా. ఇంకో రకం దొంగలు వీడియోలో పోలీసు యూనిఫాం వేసుకుని వస్తారు. మీ పేరు మీద పార్శిల్‌లో మత్తుమందు దొరికింది, కెమెరా ఆపొద్దు, గదిలోంచి కదలొద్దు, ఎవరికీ చెప్పొద్దు అంటారు. డిజిటల్ అరెస్టు అంటారు దాన్ని. మన దేశ చట్టంలో అలాంటి అరెస్టే లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా రేడియోలో ఈ విషయం చెప్పారు. ఆ సమయంలో మీ కెమెరా పనిచేయకపోవడమే మేలు. ఊళ్లో అమ్మానాన్నలకు కూడా చెప్పండి, డబ్బు పోతే వెంటనే 1930కి చేయమనండి. మీరేమీ తెరవకుండా కెమెరా దీపం వెలిగితే, సెట్టింగ్స్‌లో అదే కెమెరా పేజీలో ఇటీవల ఏ యాప్ వాడిందో చూడండి. తెలియని పేరుంటే నెట్టు తీసేసి మా దగ్గరికి తీసుకురండి.

ఇళ్లల్లో పనిచేసే అక్కలు, చెల్లెళ్లు మాకు ల్యాప్‌టాప్‌లు ఎక్కడివి అంటారు, నిజమే. మీ ఫోనుకూ ఇదే వరస. ముందు గాజు తుడవండి, తర్వాత ఫోనులో ఉన్న కెమెరాతోనే చూడండి, అది బాగుంటే వాట్సాప్‌కు అనుమతి ఉందేమో చూడండి. మీకు దొరికేది రాత్రి పనయ్యాక పావుగంట. ఆ పావుగంట కెమెరాతో కుస్తీకి పోకూడదనే మా బాధ.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు కూడా ఇంటర్వ్యూకి అదే లింకు ఫోనులో కూడా సిద్ధంగా పెట్టుకోండి. ల్యాప్‌టాప్ మొండికేస్తే ఫోనులో ముఖం చూపించి, అయ్యా ఇదీ పరిస్థితి అని చెప్పొచ్చు. ఆ తమ్ముడికి ఆ రోజు ఆ మాటైనా మాకు తోచలేదు. ఇప్పుడతను రాజంపేటలోనే ఏసీల పని చూసుకుంటున్నాడు. పోయిన నెల మాట్లాడాం. ఆ ల్యాప్‌టాప్ చెల్లెలి కూతురికి ఇచ్చేశాడట, కెమెరా బాగా పనిచేస్తోందన్నాడు.

ఈ రోజు భోజనాలయ్యాక తలుపు పక్కన మా బల్ల ఉంటుంది. వచ్చే వారంలో ఎవరికైనా ఇంటర్వ్యూ ఉంటే ముందు వాళ్లు రండి, మిగతావాళ్లు తర్వాత. డబ్బులేమీ తీసుకోం. ఛార్జరు మర్చిపోకండి, పాస్‌వర్డు గుర్తు తెచ్చుకుని రండి. పోయిన శుక్రవారం ఇద్దరు పాస్‌వర్డు తెలియకుండా వచ్చారు, ఒకరికి ఊళ్లో కొడుకుని నిద్రలేపి అడగాల్సొచ్చింది.